తరుగు రాసిన చెయ్యి

మా తమ్ముని బిడ్డ బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. దసరా పోయిన వారానికి ఫోన్ చేసింది. "పెద్దబాపూ, జెన్ వాళ్ల ధ్యాన శిబిరం సెషిన్‌కు పేరిచ్చిన. ఏడు రోజులు. నువ్వు పోయొచ్చినవు గదా, ఏమేం పట్టుకపోవాలె?" అనడిగింది. "మోకాళ్లు" అన్నాను. నవ్వింది, సక్కగ చెప్పుమంది. ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాలేదు. సుల్తానాబాద్‌లో ఒక బాయిల్డ్ రైస్‌ మిల్లులో ముప్ఫై ఒక్క ఏండ్లు గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాసినవాణ్ణి. ఏ సంగతైనా అంకె వేసి కాగితం మీద పెడితే తప్ప నాకు కుదురు రాదు. అందుకని ఇట్లా రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను ఎవరికీ గురువును కాను. 2012లో హైదరాబాద్ ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం, 2014లో కొడైకెనాల్ కొండల్లో బోధి జెండో అనే జెన్ ధ్యాన కేంద్రంలో ఒక సెషిన్, ఆ తర్వాత ఇంకో రెండుసార్లు విపశ్యన. నా పెట్టుబడి మొత్తం అంతే. మా ఊళ్లో వాళ్లు నేను పిరమిడ్ ధ్యానం వాళ్లలో కలిసిన అనుకున్నారు. ఇప్పటికీ కొందరు అదే అనుకుంటారు. వాళ్ల దారి వేరు, నేను పోయింది వేరు. చెప్పీ చెప్పీ అలిసిపోయి ఊరుకున్నాను.

1. విశ్రాంతి కావాలంటే చుట్టాలింటికి పో

ధమ్మఖేత్త నాగార్జునసాగర్ రోడ్డు మీద, వనస్థలిపురం దాటినాక ఉంటుంది. విపశ్యన నేర్పిన గోయెంకా గారి పద్ధతిలో మన దేశంలో వెలిసిన తొలి కేంద్రాల్లో అదొకటి, 1976 నాటిది. పొద్దున నాలుగింటికి గంట కొడతారు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చోవాలి. టిఫిన్ అయ్యాక ఎనిమిది నుంచి పదకొండు దాకా కూర్చోవాలి. పదకొండుకు అన్నం. ఒంటిగంట నుంచి అయిదు దాకా మళ్లీ అదే. చాయ్ తాగి ఆరింటి నుంచి ఏడింటి దాకా ఇంకోసారి. ఆ తర్వాత గంటంబావు ప్రవచనం, దాని తర్వాత ఇంకో ముప్పావు గంట. తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేస్తారు. నేను కూడి చూశాను: ప్రవచనం వదిలేస్తే కూర్చునేది పది గంటల ముప్పావు.

యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిల్లులో పద్దెనిమిది గంటలు పనిచేసిన మనిషిని నేను. లారీల వెనక లారీలు, కాంటా దగ్గర కొట్లాటలు, హమాలీల కూలి లెక్కలు. అయినా మొదటి రోజు సాయంత్రానికి ధమ్మఖేత్తలో అలిసినంతగా మిల్లులో ఏనాడూ అలవలేదు. ఏ పనీ చెయ్యకుండా ఇంత అలసట ఎట్లా వచ్చిందని ఆ రాత్రి మంచం మీద చాలాసేపు ఆలోచించాను. ఆలోచిస్తుంటేనే నాలుగ్గంటల గంట కొట్టారు.

2. ప్రతి నియమమూ ఒక దొంగదారిని మూసేదే

పోయిన రోజే ఫోన్, పుస్తకాలు, పెన్ను, డబ్బులు అప్పజెప్పాలి. మాల, తాయెత్తు లాంటివి కూడా తీసి పక్కన పెట్టాలి. మా ఆమె కట్టిన కొండగట్టు అంజన్న తాయెత్తు సంచిలో పెట్టేటప్పుడు నాకు చెయ్యి ఆడలేదు. ఆ సాయంత్రం నుంచి ఆర్య మౌనం. మాట ఒక్కటే కాదు, సైగ చెయ్యొద్దు, ఎదుటివాడి కళ్లలోకి చూడొద్దు. ఏదైనా అవసరమైతే సేవకుడికో, సందేహముంటే ఆచార్యుడికో మెల్లగా చెప్పుకోవచ్చు. మగవాళ్లు, ఆడవాళ్లు వేరువేరు చోట్ల. అబద్ధం, దొంగతనం, హింస, మత్తు, కామం వద్దని పంచశీలాలు తీసుకుంటాం. మాట్లాడనివాడు అబద్ధం ఎట్లా ఆడుతాడు అనుకున్నాను. ఆడుతాడు, కాకపోతే తనతో తాను.

వీటిని మొదట జైలు నియమాలనుకున్నాను. మూడో రోజుకు తెలిసింది, ఈ పద్ధతి పెట్టినవాళ్లకు మనిషి పారిపోయే దారులన్నీ ముందే ఎరుక. ఒక్కో నియమం ఒక్కో దారికి గొళ్లెం. మాటలోకి పోకుండా మౌనం, చదువులోకి పోకుండా పుస్తకం వద్దనడం, భక్తిలోకి సైతం జారిపోకుండా మాల వద్దనడం. నాకొక దారి మిగిలింది. పెన్ను లేకపోయినా కుడిచేతి చూపుడు వేలు తొడ మీద అంకెలు రాస్తుండేది. పక్కనున్నతను చూసి నాకేదో నరాల జబ్బుందనుకున్నాడట, పదో రోజు మౌనం విడిచినాక చెప్పాడు.

3. మోకాలికి పౌరుషం లేదు

ఇది నా తప్పు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మనం పుట్టినకాడి నుంచి నేల మీద కూర్చుని తిన్నవాళ్లం. పీటల పెళ్లిళ్లు, బంతి భోజనాలు. నేనైతే గద్దె మీద డెస్కు ముందు మఠం వేసుకుని రోజంతా రాసినవాణ్ణి. అందుకని కూర్చోవడంలో నన్ను మించినవాడెవడు అనుకుని పోయాను. మొదటి మూడు రోజులు ముక్కు కింద, పై పెదవి మీద ఊపిరి తగిలేచోటు మీదనే మనసు పెట్టడం, దాన్ని ఆనాపాన అంటారు. నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. నడినెత్తి నుంచి అరికాలి దాకా, మళ్లీ కింది నుంచి పైకి, ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తుందో చూసుకుంటూ పోవాలి. మంట, తిమ్మిరి, దురద, చల్లదనం, ఏదైనా సరే. బాగుందని పట్టుకోవద్దు, బాగలేదని తొయ్యొద్దు. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు గంటేసి అధిష్ఠానం. అంటే ఆ గంటసేపు కాలు, చెయ్యి కదపను, కళ్లు తెరవను అని పట్టు పట్టడం.

గద్దె మీద రోజంతా కూర్చున్నవాడు రోజంతా కదులుతుంటాడన్న సంగతి నాకప్పుడు తట్టింది. తాళంచెవి కోసం లేస్తాడు, చాయ్ కోసం లేస్తాడు, ఎవరో పిలిస్తే తిరుగుతాడు. కదలకుండా కూర్చుంటే ఎడమ మోకాలు పన్నెండో నిమిషంలో పలికింది. ఇరవయ్యో నిమిషంలో అరిచింది. హాల్లో వెనక గోడ పక్కన కుర్చీలున్నాయి. ముసలివాళ్లు, నొప్పులున్నవాళ్లు అడిగి కూర్చుంటున్నారు. నేను అడగలేదు. నాకంటే చిన్నవాడొకడు కుర్చీలో ఉంటే నేను నేల మీద ఉన్నానన్న గొప్ప ఒకటి. ఎనిమిదో రోజుకు మెట్లు దిగడం కష్టమైంది. ఇంటికొచ్చినాక నెలన్నర కుంటాను. కరీంనగర్‌లో డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఏం బరువు లేపినవని అడిగాడు. ఏం చెప్పాలి?

కూర్చుంటే వచ్చే నొప్పి వేరు, కీలు చెడే నొప్పి వేరు. లేచి నాలుగడుగులు వేస్తే పోయేది మొదటిది. లేచినాక కూడా వెంట వచ్చేది రెండోది. రెండోదైతే ఆ పూటనే కుర్చీ అడుగు, బిడ్డా. సెషిన్‌లో అయితే చిన్న చెక్కబల్ల కూడా ఇస్తారు, దాని కింద కాళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చోవచ్చు.

4. శాంతి కంటే ముందు చిట్టా తెరుచుకుంటుంది

ఈ పాఠం రాయడానికే మిగతావన్నీ రాస్తున్నానేమో.

వడ్ల బేరం తెలియనివాళ్ల కోసం ఒక మాట. రైతు వడ్లు తెస్తే తేమ చూస్తారు, పదిహేడు శాతం దాటొద్దు. తాలు చూస్తారు, మట్టి చూస్తారు. బాగలేకపోతే తూకంలో కొంత కోస్తారు. ఆ కోతనే తరుగు. బస్తాకు కిలో అనొచ్చు, రెండు అనొచ్చు, మూడు అనొచ్చు. కాంటా మీద అంకె ఒకటి, కాగితం మీద అంకె ఇంకొకటి. ఆ రెండో అంకె రాసే చెయ్యి గుమాస్తాది. ఎంత రాయాలో చెప్పేది నేను కాదు. రాసింది మాత్రం నేనే.

ఆరో రోజు మధ్యాహ్నం కూర్చున్నప్పుడు, కుడి అరచేతిలో ఏదో గరుకుగా తగిలినట్టయింది. చెయ్యి ఒళ్లో ఖాళీగానే ఉంది. అయినా అరచేతిలో వడ్లు పోసినట్టే తెలుస్తుంది. కాసేపటికి ఆ చెయ్యి వెనక మనిషి కూడా కనబడ్డాడు. 1997 యాసంగి. మానేరు అవతలి ఊరి రైతు. ఎస్సారెస్పీ కాలువ కింద రెండున్నర ఎకరాలు. అరవై మూడు బస్తాలు తెచ్చాడు. గుప్పెడు వడ్లు నా అరచేతిలో పోసి, వంగి తనే ఊదాడు. ఒక్క పొల్లు కూడా ఎగరలేదు. "సారూ, తాలు లేదు, మీరే చూసిండ్రు గద" అన్నాడు. ఆ ఎండాకాలం వాళ్ల బిడ్డ పెళ్లి. నేను చూశాను. చూసే బస్తాకు రెండు కిలోలు రాశాను.

పదిహేనేండ్లు ఆ మనిషి నాకు ఒక్కసారి కూడా యాదికి రాలేదు. కోపం వస్తే యాదికి వచ్చేవాళ్లు వేరే, భయం వేస్తే యాదికి వచ్చేవాళ్లు వేరే. ఈయన ఏ కట్టలోనూ లేడు. మనసులో కాదు, అరచేతిలో ఉన్నాడు. ఆ తర్వాత ఇంక ఆగలేదు. ఒక్కొక్క తక్‌పట్టీ లెక్కచీటీ, ఒక్కొక్క సంతకం, వేలిముద్ర పక్కన నేను గీసిన గీత. ధ్యానంలో వెలుగు కనబడుతుందని, దేవుడు కనబడతాడని అన్నవాళ్లున్నారు. నాకు అరవై మూడు బస్తాలు కనబడ్డాయి. 126 కిలోలు. ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకు 380. మొత్తం 478 రూపాయల 80 పైసలు. కదలకుండా కూర్చునే ఆ లెక్క చేశాను, వేలు కూడా కదపకుండా.

మరునాడు మధ్యాహ్నం ఆచార్యుడి దగ్గరికి పోయి చెప్పుకున్నాను. పొడుగైన సలహా ఏమీ రాలేదు. వచ్చినదాన్ని తెలుసుకుంటూ మళ్లీ తల నుంచి పాదాల దాకా చూసుకుంటూ పొమ్మన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత చెప్పుకుంటే ఇదా జవాబు అనుకున్నాను. ఇప్పుడు కోపం లేదు. ఆయన ఓదార్చి ఉంటే అక్కడే నాకు మాఫీ అయిపోయిందని నమ్మేవాణ్ణి.

ఒక చిత్రం రాయాలి. గోయెంకా గారు 1924లో మాండలేలో, మార్వాడీ వ్యాపారుల ఇంట్లో పుట్టినవాడు. తలనొప్పి మందులకు తగ్గక 1955లో రంగూన్‌లో ఊ బా ఖిన్ దగ్గర ఈ విద్య నేర్చుకుని, 1969లో మన దేశానికి తెచ్చాడు. ఆ ఊ బా ఖిన్ సన్యాసి కాదు. గుమాస్తాగా చేరి, స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్ అయినవాడు. ఆ సంగతి నేను ప్రవచనాల్లో విన్నప్పుడు, చీకట్లో, మౌనంలో, ఒక్కణ్ణే నవ్వుకున్నాను. లెక్కలు రాసేవాడు నేర్పిన విద్యలో లెక్కలు బయటపడకుంటే ఇంకేం బయటపడతాయి!

5. ఆకలి గురించి ఎక్కువ ఆలోచించకు

పదకొండు గంటలకు తిన్న అన్నమే ఆ రోజుకు అన్నం. సాయంత్రం కొత్తవాళ్లకు చాయ్, మరమరాలు, పండు లాంటివి. పాతవాళ్లకు నిమ్మనీళ్లే. రెండు రోజులు కడుపు గునుస్తుంది, మూడో రోజు మర్చిపోతుంది. అంతే.

6. పేరు మారినా కూర్చునేది ఒకటే, కానీ కూర్చోబెట్టే తీరు వేరు

జెన్ అనే మాట మన ధ్యానమే. పాళీలో ఝాన, చైనాకు పోయి చాన్, జపాన్ చేరి జెన్ అయింది. వాళ్ల గురుపరంపరలో మన దేశపు పేర్లు ఇరవై ఎనిమిది. చివరి పేరు బోధిధర్ముడిది, చైనా పోయి గోడకు ముఖం పెట్టి తొమ్మిదేండ్లు కూర్చున్నాడని కథ. పద్నాలుగో పేరు నాగార్జునుడిది. నేను మొదట కూర్చున్న ధమ్మఖేత్త ముందునుంచి పోయే రోడ్డు ఆయన పేరు మోసే సాగర్ దాకానే పోతుంది. మన ఇంట్లో పుట్టి దేశాలు తిరిగి, మారుపేరుతో తలుపు కొట్టిన చుట్టం లాంటిది ఈ విద్య.

కాజీపేటలో రైలెక్కి, చెన్నైలో మారి, కొడైకెనాల్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఘాట్ ఎక్కి పెరుమాళ్‌మలై చేరాను. అక్కడ బోధి జెండోను 1996లో మొదలుపెట్టింది ఫాదర్ ఆమా సామి. క్రైస్తవ జెసూట్ సన్యాసి, తమిళుడు. జపాన్‌లో కామకురా ఊరి గురువు యమాదా కోవున్ దగ్గర నేర్చుకుని, 1982లో నేర్పడానికి అనుమతి పొందినవాడు. క్రైస్తవ ఫాదరు, బౌద్ధుల ధ్యానం, నా మెడలో అంజన్న తాయెత్తు. ఇక్కడ దాన్ని తీయమని ఎవరూ అనలేదు.

సెషిన్ అంటే చెదిరిన మనసును ఒకచోటికి చేర్చడం అని అర్థం చెప్తారు. గుండ్రటి నల్లదిండు మీద గోడకు ఎదురుగా కూర్చోవాలి. విపశ్యనలో కళ్లు మూస్తాం, ఇక్కడ సగం తెరిచి చూపు కిందికి వదలాలి. కుడి అరచేతి మీద ఎడమ చెయ్యి పెట్టి, బొటనవేళ్ల కొనలు తగిలీ తగలనట్టు ఉంచాలి. ఇరవై అయిదు నిమిషాలు కూర్చోవడం, గంట మోగగానే లేచి వరసగా మెల్లగా నడవడం, మళ్లీ కూర్చోవడం. ఆ నడకను కిన్‌హిన్ అంటారు. నా మోకాలికి ప్రాణం పోసింది ఆ నడకనే. జపాన్ మఠాల్లోనైతే కునుకుతున్నవాడి భుజం మీద చదునైన కర్రతో చరుస్తారు. డిసెంబర్ ఒకటి నుంచి ఎనిమిది దాకా, బుద్ధుడికి జ్ఞానం కలిగిన రోజని వాళ్లు లెక్కించే ఎనిమిదో తేదీ తెల్లవారే దాకా, కఠినమైన చోట్ల నడుము వాల్చకుండానే కూర్చుంటారు. మాకు కర్రా లేదు, ఆ జాగరణా లేదు.

కొత్తవాడికి ఇచ్చే పని చెప్తే నవ్వుతావు. ఊపిరి విడిచినప్పుడల్లా ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టు. పది కాగానే మళ్లీ ఒకటి. తప్పితే మళ్లీ ఒకటి. ముప్ఫై ఒక్క ఏండ్లు లెక్కలు రాసిన నేను పది దగ్గర ఆగలేకపోయాను! చూస్తే పదిహేడు, చూస్తే ఇరవై ఆరు, బస్తాలు దించుతున్నట్టు పోతుండేది. మొదటి రెండు రోజుల్లో పది దగ్గర ఆగి ఒకటికి వచ్చింది ఎన్నిసార్లో చేతివేళ్లకు సరిపోతుంది. మిల్లులో లెక్క పెరగడమే గాని వెనక్కి రావడం ఉండదు. మళ్లీ ఒకటికి రావడం నాకు చేతకాని విద్య అని అరవై దాటినాక తెలిసింది.

ఏది మంచిదని అడుగుతావు. నేను తీర్పు చెప్తాను, ఎవరేమనుకున్నా. పట్టుదల తక్కువున్నవాడికి విపశ్యన గట్టి కట్టుగొయ్య. పట్టుదల ఎక్కువై మోకాళ్లు పాడుచేసుకునే నాలాంటి వాడికి సెషిన్ మేలు, లేచి నడవమంటుంది గనుక. విపశ్యనలో ప్రవచనాలు రికార్డులో వింటాం, తెలుగులో కూడా దొరుకుతాయి, ఇంగ్లీషు రానివాడికి అదొక పెద్ద ఆసరా. సెషిన్‌లో గురువు ఎదురుగా ఉంటాడు. విపశ్యనకు ఒక్క రూపాయి తీసుకోరు. కోర్సు పూర్తిచేసినవాళ్లు ఇచ్చే దానంతోనే తర్వాతి వాళ్లకు జరుగుతుంది. బోధి జెండోలో బసకు, తిండికి రోజుకింత అని కట్టాలి. రెండూ న్యాయమే. ఒకచోట ఎవరో పెట్టిన అన్నం తిన్నాను, ఒకచోట కొనుక్కున్న అన్నం తిన్నాను. కొనుక్కున్న పూట మనసు తేలిగ్గా ఉంది, పెట్టింది తిన్న పూట బరువుగా ఉంది. ఆ బరువు మంచిదే అనిపిస్తుంది.

7. గురువు గది నుంచి ఏమీ మోసుకురాకు

సెషిన్‌లో ఒక్కొక్కరిని గురువు దగ్గరికి పిలుస్తారు. దోకుసాన్ అంటారు. ఎదురెదురుగా కూర్చోవడం, రెండు మూడు నిమిషాల్లో అయిపోవచ్చు. కొందరికి కోవాన్ ఇస్తారు, బుద్ధితో విప్పితే విడని ముడి లాంటి ప్రశ్న. నాకు ఊపిరి లెక్కనే ఇచ్చారు. ఆ గదిలో మాట్లాడింది బయట చెప్పొద్దన్నది పద్ధతి, కాబట్టి చెప్పను. నా ఇంగ్లీషు మిల్లు ఇన్వాయిస్ ఇంగ్లీషు, క్వాంటిటీ, రేటు, బ్యాలెన్స్. దాంతోనే నెట్టుకొచ్చాను. ఇది మాత్రం చెప్తాను: తలుపు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు తయారుచేసుకున్న మాటలేవీ లోపలికి పోయినాక అక్కరకు రాలేదు.

8. కూర్చునేవాడి నెత్తి మీద ఎవరిదో పడగ ఉంటుంది

సుల్తానాబాద్ నుంచి ఎలిగేడు దిక్కు పోతే ధూళికట్ట. ఊరి పక్కన బౌద్ధ స్తూపం, శాతవాహనుల నాటి కోట గోడలు 1970ల తవ్వకాల్లో బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన వంశపు మొదటి రాజు సిముకుడి నాణేలు దొరికాయి. ఇంకా పైకి పోతే ఖానాపూర్ దగ్గర బాదనకుర్తి. గోదావరి ఒడ్డు ఆశ్రమం నుంచి పదహారు మంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపిన బావరి ఉన్నది అక్కడే అని మన పరిశోధకులు చెప్తారు. ఇంత ఉండి, నాకు ఇవేవీ తెలియకుండా అరవై ఏండ్లు గడిచాయి. మిల్లు లారీ ధూళికట్ట దాకా పోయేది, నేను వడ్ల కోసమే పోయాను.

కొడైకెనాల్ నుంచి వచ్చినాక మళ్లీ పోయాను. ధూళికట్ట శిల్పాల్లో పేరున్నది ముచిలింద నాగుది. బుద్ధుడు జ్ఞానం పొందినాక కూర్చుని ఉంటే ఏడు రోజులు ముసురు పట్టింది. ఆ ఏడు రోజులు నాగరాజు ఆయన చుట్టూ చుట్టుకుని, నెత్తి మీద పడగ పట్టాడు. ఈ కథ చిన్నప్పుడు కూడా విన్నదే. కానీ ఏడు రోజులు అన్న అంకె దగ్గర ఈసారి ఆగిపోయాను. సెషిన్‌లో నేను కూర్చున్నప్పుడు అన్నం వండినదెవరు, గంట కొట్టినదెవరు? ధమ్మఖేత్తలో కూరలు తరిగి, వడ్డించి, నా పళ్లెం పక్కన నీళ్లు పెట్టినవాళ్లు అంతకుముందు కోర్సు చేసి సేవకొచ్చినవాళ్లు, జీతం లేనివాళ్లు. ఇంట్లో ఎడ్లకు, బర్రెకు గడ్డి వేసి, కరెంటు బిల్లు కట్టి, మనవడి జ్వరం సంగతి నాకు తెలియనివ్వకుండా పదిరోజులు మోసింది మా ఆమె. జ్ఞానం ఆయనదే, పడగ నొప్పి మాత్రం పాముది.

జెన్‌వాళ్లకు ఈ ఎరుక ఉంది. సెషిన్‌లో సాము అని రోజూ పని ఉంటుంది. ఊడవడం, తోటపని, కూరగాయలు తరగడం. అదీ ధ్యానంలో భాగమే. వాళ్ల పెద్ద గురువు దోగెన్ 1237లో మఠం వంటవాడు ఎట్లా ఉండాలో చెప్తూ ఒక పుస్తకమే రాశాడు. అందులో తాను చైనాలో చూసిన సంగతి ఒకటి ఉంది. మిట్టమధ్యాహ్నం, కాలుతున్న బండల మీద, నెత్తిన టోపీ కూడా లేకుండా అరవై ఎనిమిదేండ్ల వంట పెద్ద పుట్టగొడుగులు ఆరబోస్తున్నాడు. వేరేవాళ్లతో చేయించొచ్చు కదా అంటే, వేరేవాళ్లు నేను కాదు కదా అన్నాడు. ఎండ తగ్గినాక చెయ్యొచ్చు కదా అంటే, ఇప్పుడు కాక ఇంకెప్పుడు అని జవాబిచ్చాడు.

ఆ కథ విన్నప్పుడు నాకు చైనా కనబడలేదు. ఏప్రిల్ నెలలో రాజీవ్ రహదారి పక్కన, నెత్తికి తువ్వాల చుట్టుకుని వడ్లు ఆరబోసి, కాళ్లతో తిరగదోసే ముసలివాళ్లు కనబడ్డారు. పదిహేడు శాతం తేమ కోసం. ఆరింది చాలదని నేను రాస్తానేమో అన్న భయంతో.

9. అందరూ పోవద్దు

మనసు బాగలేక మందులు వాడుతున్నవాళ్లు, ఈ మధ్యనే ఇంట్లో పెద్ద చావు జరిగినవాళ్లు, నిద్ర లేక కొట్టుకుంటున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పోవద్దు. దరఖాస్తులో ఆరోగ్యం సంగతి అడుగుతారు, దాచొద్దు. మధ్యలో భరించలేకపోతే చెప్పుకోవడంలో, లేచి రావడంలో సిగ్గేమీ లేదు. నేను మోకాలు ఒక్కటి దాచినందుకే నెలన్నర కుంటాను. మనసు కుంటితే నెలన్నరతో పోదు.

10. తిరిగొచ్చినాక పనుంటుంది

ఇంటికి వచ్చిన రోజు ఫ్యాన్ చప్పుడు కూడా పెద్దగా వినబడుతుంది. టీవీ పెట్టగానే తల తిరుగుతుంది. రోజుకు పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చొమ్మని విపశ్యన వాళ్లు చెప్పి పంపుతారు. నేను పొద్దున గంట దాటనియ్యను. సాయంత్రంది చాలాసార్లు పోతుంది, అబద్ధమెందుకు. మా ఆమె రెండు వారాలు నన్ను గమనించి, "కోపం తగ్గిందనుకున్న. తగ్గలే. కాకుంటే వచ్చేముందు జర ఆగుతుంది" అంది. నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే.

ఆ 478 రూపాయల 80 పైసల సంగతి రెండేండ్లు నానబెట్టాను. అప్పటికి మిల్లులో నేను లేను. సేటు కొడుకుకు చెప్తే పిచ్చోణ్ణి చూసినట్టు చూసేవాడు. అసలు ఆ రైతుకు ఒక్కడికి ఇస్తే మిగతావాళ్లకు? కట్టలకొద్దీ ఉన్నారు. అందరి పేర్లు యాదికి లేవు, ఉన్నా నా దగ్గర అంత లేదు. ఇట్లా లెక్కలు వేసుకుంటూ పోకుండా ఉండడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. కొడైకెనాల్‌లో పది దగ్గర ఆగి ఒకటికి రావడం నేర్చుకున్నాక అనిపించింది, ఒకటి దగ్గర మొదలుపెట్టొచ్చు కదా అని. 2014 దీపావళి ముందర అయిదొందల నోటు జేబులో పెట్టుకుని, మానేరు దాటి ఆ ఊరికి పోయాను.

మనిషి ఉన్నాడు. ముసలివాడయ్యాడు, నాలాగే. వాకిట్లో తాడు పేనుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. ఏ ఏడు, ఎన్ని బస్తాలు, ఎన్ని కిలోలు, అంతా చెప్పాను. అరచేతి సంగతి చెప్పలేదు. ఏమంటాడోనని గుండె కొట్టుకుంటుంది. తిడతాడనుకున్నాను. లేదంటే పోనీ సారూ అని పెద్దమనసు చేస్తాడనుకున్నాను. రెండోది జరిగితే ఏం మాట్లాడాలో దారి పొడుగునా తయారుచేసుకుని పెట్టుకున్నాను.

నోటు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఒక్క రూపాయి ఇరవై పైసలు తిరిగి ఇయ్యాలె కద అని లేచి, లోపలికి పోబోయి ఆగాడు.

"మరి మిత్తి?" అన్నాడు.

నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు తొమ్మిది రూపాయల యాభై ఎనిమిది పైసలు అని నా నోటికి దానంతటదే వచ్చింది. పదిహేడేండ్లకు ఎంతయితదో అని ఆయన వేళ్లు లెక్కపెడుతున్నాడు. మొదటిసారి తప్పింది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

"నిలబడ్డవేంది సారూ, కూసో. నిదానంగ చేద్దాం" అని, గోడకు ఆనించిన గన్నీసంచి తీసి దులిపి పరిచాడు. కూర్చున్నాను. ఎడమ మోకాలు టక్కుమంది.